బొమ్మలో అన్నం, కంచంలో అన్నం

తిండిని గురించి రాయడం సాహిత్య విమర్శకుడి పని కాదని కొందరు మిత్రులు అనవచ్చు. కథను గురించో, కవిత్వాన్ని గురించో, నాటకాన్ని గురించో చర్చించవలసిన ఈ పుటల్లో బిర్యానీ ప్రసక్తి ఎందుకని వారికి సందేహం కలగవచ్చు. నా జవాబు ఇది. ఈనాడు మన విద్యార్థులు ఎక్కువగా చూస్తున్న బొమ్మల్లో తిండి బొమ్మ ఒకటి. నవల చదవని విద్యార్థులను నేను చాలామందిని ఎరుగుదును. ఫోనులో పొగలు కక్కే పళ్ళెం చూడని విద్యార్థిని ఒక్కణ్ణి కూడా ఎరగను. ఇంతమంది మనసుల్లోకి ఇంత సులువుగా చొరబడే రూపానికి వస్తువు ఉంటుంది, శిల్పం ఉంటుంది, వెనక ఒక ప్రయోజనం ఉంటుంది. ఈ మూడూ ఉన్నదాన్ని విమర్శకుడు పట్టించుకోకపోతే, దాని మంచిచెడ్డలు వ్యాపారస్థుడే నిర్ణయిస్తాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఈ విషయంలో మనవాళ్ళలో రెండు అభిప్రాయాలు వినబడుతున్నాయి. ఎవరి నాలుక వారిది, ఎవరి రుచి వారిది, బొమ్మ చూసినంత మాత్రాన ఎవరూ తమ ఇష్టం మార్చుకోరు అనేది మొదటిది. ఈ కాలపు పిల్లలకు తినడంకన్న ఫొటో తీయడం ముఖ్యమైపోయింది, వీళ్ళు చెడిపోయారు అనేది రెండవది. మొదటి వాదం వ్యక్తిని సంఘంనుంచి విడదీస్తుంది. రెండవది సంఘంలోని లోపాన్ని వ్యక్తి నెత్తిన రుద్దుతుంది. ఫలితం మాత్రం రెండింటికీ ఒకటే. ఆ బొమ్మను తయారుచేసేవాణ్ణీ, పంచేవాణ్ణీ, దానివల్ల లాభం పొందేవాణ్ణీ ఎవరూ ఏమీ అడగరు. నేను చాలాకాలం రెండవ పక్షంలో ఉండేవాణ్ణి. అందులోంచి ఎలా బయటపడ్డానో చివర మనవి చేస్తాను.

ముందుగా, రుచి అనేది ఎక్కణ్ణించి వస్తుంది? 1857లో తాను రాసుకున్న అర్థశాస్త్ర రాతప్రతుల ఉపోద్ఘాతంలో మార్క్స్ ఈ ప్రశ్న ఎత్తాడు. వండిన మాంసాన్ని కత్తితో, ముల్లుతో తినేవాడి ఆకలి వేరు, పచ్చిమాంసాన్ని గోళ్ళతో చీల్చేవాడి ఆకలి వేరు అని ఆయన వాదన. శుభ్రంగా చేత్తో కలుపుకు తినే మనకు ఆ ఉదాహరణ కాస్త ఎబ్బెట్టుగా ఉండవచ్చు. సారం మాత్రం మనకూ వర్తిస్తుంది. ఉత్పత్తి మనిషికి వస్తువును ఇచ్చి ఊరుకోదు. ఆ వస్తువును కోరే మనిషిని కూడా తయారుచేస్తుంది.

ఇందుకు నిదర్శనం మన కంచంలోనే ఉన్నది. పల్నాటికి పోయిన శ్రీనాథుడు జొన్నకూడు తినలేక పడిన అవస్థను చాటువుల రూపంలో నేటికీ చెప్పుకుంటున్నాం. అవి నిజంగా ఆయన చెప్పినవే అయినా కాకపోయినా, వాటిని తరతరాలుగా చెప్పుకుని నవ్వినవారు వరి అన్నం తినేవారు. జొన్న తినేవాడికి ఆ నవ్వులో పాలు లేదు; ఆ నవ్వు అతని మీదనే. 1983లో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు పేదవాడి కంచంలోకి రోజూ వరి అన్నం వచ్చింది. దానితో ఆకలి తీరడమే కాదు, పండగనాడు మాత్రమే దొరికే పరువు కూడా దక్కినట్టయింది. జొన్నా, కొర్రా, సామా చాలా ఇళ్ళలో వెనక్కు పోయాయి. తరవాత ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఈలోగా అదే కొర్రన్నం నగరంలో పింగాణీ గిన్నెలోకి ఎక్కి, పైన రెండు కరివేపాకు రెబ్బలు తగిలించుకుని, ఫోను తెరమీద దర్శనమిచ్చింది. గింజ మారలేదు. దాన్ని తినేవాడి స్థితి మారింది, దాన్ని చూపించే తీరు మారింది. ఎవరి రుచి వారిదే అనేవారు ఈ చరిత్రకు ఏమి జవాబు చెబుతారు?

కాబట్టి తిండి బొమ్మ మన రుచిని మార్చగలదా అన్నది ప్రశ్న కాదు. ఎలా మారుస్తున్నది, ఎటు మారుస్తున్నది అన్నదే ప్రశ్న.

బొమ్మ చూస్తే నోరూరుతుంది. ఇది అందరికీ తెలిసిందే. కాని నోరూరడం ఒక నిమిషం సంగతి. అంతమాత్రాన అలవాట్లు మారవు. బొమ్మకున్న అసలు బలం మరొకచోట ఉన్నది. ఇంగ్లండులో ఆస్టన్ విశ్వవిద్యాలయంవారు 2020లో ప్రకటించిన ఒక పరిశోధన ఇందుకు కొంత ఆధారం ఇస్తున్నది. వారు 369 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను, ఫేస్‌బుక్‌లో మీ తోటివారు ఏమేమి ఎంతెంత తింటారని మీ అంచనా అని అడిగారు. మీరేమి తింటారనీ అడిగారు. తోటివారు పండ్లూ కూరలూ ఒక వంతు తింటారని అనుకున్న ప్రతిసారీ, అనుకున్నవారు తాము కూడా అందులో అయిదో పాలు అదనంగా తింటున్నట్టు తేలింది. చిరుతిళ్ళూ తీపి పానీయాలూ అయితే తోటివారివని ఊహించిన ప్రతి మూడు వంతులకు తామొక వంతు అదనంగా తింటున్నారు. ఇది అంచనాల లెక్క. ఎవరివల్ల ఎవరు మారారో దీనితో తేలదు. ఒకే అలవాటు ఉన్నవాళ్ళు స్నేహితులు కావడం కూడా కద్దు. అయినా ఇందులో గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. తోటివాడు నిజంగా ఏమి తింటున్నాడు అన్నదానితో ఇక్కడ నిమిత్తం లేదు. ఏమి తింటున్నాడని మనం నమ్ముతున్నాం అన్నదే ముఖ్యం.

నలుగురితో నారాయణ అన్నారు మన పెద్దలు. పూర్వం ఆ నలుగురూ మన వీధివాళ్ళు, మన కులంవాళ్ళు, మన పొలంలో పనిచేసేవాళ్ళు. వాళ్ళు పండగనాడు ఏమి తిన్నారో మనకు తెలుసు. పస్తున్ననాడు పొయ్యిలో పిల్లి లేవలేదనీ తెలుసు. ఇప్పుడు ఫోనులో కనబడే నలుగురు ఎప్పుడూ పండగ చేసుకుంటూనే ఉంటారు. రాత్రి మిగిలిన చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కున్నవాడు ఆ సంగతి ఫొటో తీసి పెట్టడు. పెట్టినా దాన్ని నలుగురికీ చూపించాలో వద్దో అతడు నిర్ణయించలేడు. జనాన్ని తెరముందు ఎక్కువసేపు నిలబెట్టే బొమ్మను ఇంకా ఎక్కువమందికి చూపించడం, నిలబెట్టనిదాన్ని మరుగున పడెయ్యడం కంపెనీ యంత్రం చేసే పని. మన నలుగురిని మనకోసం కంపెనీ ఏరిపెడుతున్నదన్నమాట. ఆ ఏరిన నలుగురినే లోకమనుకుని మనం మన కంచంవైపు చూసుకుంటాం. అప్పుడు మన కంచం చిన్నబోతుంది.

పిల్లల విషయంలో ఇది మరీ స్పష్టం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంవారు 2019లో ప్రకటించిన ప్రయోగంలో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 176 మంది పాల్గొన్నారు. పేరున్న వీడియోకారులు అనారోగ్యకరమైన చిరుతిళ్ళు పట్టుకుని ఉన్న ఇన్‌స్టాగ్రామ్ బొమ్మలను కొందరికి చూపారు, ఆరోగ్యకరమైన తిండి పట్టుకున్న బొమ్మలను కొందరికి చూపారు, తిండి లేని బొమ్మలను కొందరికి చూపారు. తరవాత తినడానికి రకరకాలు ముందుంచితే, మొదటి జట్టు పిల్లలు మూడవ జట్టుకన్న 26 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. రెండవ జట్టులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్దవాళ్ళ విషయంలో మరొక రకంగా తేలింది. ఆస్టన్‌వారే తరవాత జరిపిన ప్రయోగంలో, ఎక్కువ లైకులు ఉన్న పండ్లూ కూరల బొమ్మలు చూసిన యువతులు బిస్కెట్లతో పోల్చితే ద్రాక్ష ఎక్కువ పాలు తిన్నారు.

దీన్ని చూసి, మంచి తిండి బొమ్మలు ఎక్కువగా పెడితే సరిపోతుందని సంతోషించే సంస్కర్తలు ఉన్నారు. వారికి ఒక మాట. ప్రయోగశాలలో ద్రాక్షా బిస్కెట్టూ పక్కపక్కనే, ఉచితంగా ఉంటాయి. మన వీధి కొట్టులో అలా ఉండవు. అయిదు రూపాయల చిప్స్ పొట్లం ప్రతి పల్లెలోనూ తోరణం కట్టినట్టు వేలాడుతుంది. ద్రాక్ష ధర విని తల్లి ముందుకు సాగిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు ప్రకటించింది. పళ్ళెంలో సగం కూరలూ పండ్లూ ఉండాలని అది చూపించిన బొమ్మ చాలా మంచి బొమ్మ. దేశంలోని మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరికాని తిండివల్ల వచ్చేదేనని కూడా ఆ సంస్థ చెప్పింది. కాని ఆ పళ్ళెం కొనడానికి ఎంత కూలి కావాలో బొమ్మలో లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది ఉండవలసినదానికన్న బరువున్నారు, 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 57.6. ఒకే రాష్ట్రంలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఒంట్లో, కొవ్వు ఎక్కువా రక్తం తక్కువా. ఈ విపరీతాన్ని బొమ్మ పుట్టించలేదు. పుట్టించిన వ్యవస్థకు బొమ్మ మంచి సేవకురాలు.

ఇక శిల్పం సంగతి చూద్దాం. 1957లో వెలువడిన తన వ్యాససంపుటిలో రోలాఁ బార్త్ అనే ఫ్రెంచి విమర్శకుడు, ఒక స్త్రీల పత్రికలో రంగుల్లో అచ్చయ్యే వంటల ఫొటోలను పరిశీలించాడు. ఆ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది చిన్న జీతాలవారు. వారికి ఆ వంటకాలు కొని వండుకునే స్తోమతు లేదు. అందుకనే ఆ పత్రిక వారికి పైన నిగనిగలాడే పూతలు పూసిన, కళ్ళతో మాత్రమే తినవలసిన వంటలు చూపించిందని ఆయన విశ్లేషణ. డబ్బున్నవారు చదివే పత్రికలో మాత్రం నిజంగా వండుకోదగిన వంటలే ఉండేవట. ఇంతకాలం తరవాత ఆ పరిశీలన మన ఫోనుకు అతికినట్టు సరిపోతున్నది. ఒక్క తేడా ఉన్నది. ఆనాటి పాఠకురాలు బొమ్మ చూసి నిట్టూర్చి పుట తిప్పేది. ఈనాడు బొమ్మ పక్కనే మీట ఉన్నది; నొక్కితే అరగంటలో తిండి గుమ్మంలో ఉంటుంది. కల కని ఊరుకోనివ్వరు, కొనిపిస్తారు. చేతిలో డబ్బు లేకపోతే తరవాత ఇద్దువుగానిలెమ్మని అప్పు కూడా ఇస్తారు.

ఈ బొమ్మలు వరసగా ఒక వంద చూడండి. పైనుంచి తీసిన గుండ్రని పళ్ళెం, తీగలా సాగే జున్ను, నేతిలో మునిగే దోసె, మూత తీయగానే లేచే ఆవిరి. ప్రకటనల ఫొటోలు తీసేవారు తాజాగా కనిపించడానికి గ్లిజరిన్ చుక్కలు చల్లడం పాత విద్యే. ఇవి ఉన్నవి. లేనివి ఏమిటి? ధర లేదు. వండిన మనిషి లేదు. ఋతువు లేదు. గిన్నెలు కడిగే చోటు లేదు. పక్కన ఆకలితో నిలబడినవాడు ఎలాగూ లేడు.

తిండి వర్ణనలకు ఈ లోపాలు సహజమేనని ఎవరైనా అంటే, వారికి ఆముక్తమాల్యద చూపిస్తాను. దాన్ని రాసినవాడు శ్రీకృష్ణదేవరాయలు. శ్రామికవర్గ కవి అని ఎవరూ పొరబడరు. అయినా విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాన్ని వర్ణించేటప్పుడు ఆ రాజు వానాకాలం తిండి వేరు, చలికాలం తిండి వేరు, ఎండాకాలం తిండి వేరు అని చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లో కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండిన సంగతి కూడా మరిచిపోలేదు. అంటే పొయ్యి ఎలా మండిందన్న విషయం రాజుగారి దృష్టికి వచ్చింది. పైగా ఆ భోజనం అతిథికోసం వండింది. చూసేవాడికి అసూయ కలిగించడంకోసం కాదు. భూస్వామ్య యుగపు కావ్యంలో ఉన్న ఈ మాత్రపు వాస్తవికత ఈ యుగపు రీలులో లేకపోవడం ఆలోచించవలసిన విషయం.

శిల్పం వస్తువును కూడా మార్చేస్తుంది. కన్ను న్యాయాధిపతి అయినప్పుడు వంటవాడు కంటికోసమే వండుతాడు. తిండికి రంగులు కలపడం ఫోనులతో మొదలు కాలేదు. మిఠాయి కొట్టువాడు మన తాతలనాడే కలిపాడు. కాని ఫొటోకు నిలిచే ఎరుపు కావాలన్న ఒత్తిడి ఈనాడు బండివాడిదాకా వచ్చింది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనూ, పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే రంగునూ నిషేధించవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజును ఏడాదిపాటు నిషేధించింది. బొమ్మలో మయోనైజు తెల్లగా, నున్నగా, ముచ్చటగా ఉంటుంది. గుడ్డు ఉడికిందో లేదో, గిన్నె ఎండలో ఎంతసేపు ఉన్నదో బొమ్మ చెప్పలేదు. ముక్కుకూ నాలుకకూ తెలిసే ప్రమాదం కంటికి తెలియదు.

ఒక్క బొమ్మ ప్రపంచపు పంటనే కదిలించిన ఉదంతం కూడా ఉన్నది. పిస్తా ముద్దా కునాఫా నింపిన చాక్లెట్టు దిమ్మను దుబాయిలో ఒక మిఠాయి సంస్థ తయారుచేసింది. దాన్ని విరిచి తింటున్న ఒక వీడియో 2023 డిసెంబరులో టిక్‌టాక్‌లో వచ్చింది, కోట్లమంది చూశారు. దేశదేశాల కంపెనీలు అదే రకం చాక్లెట్లు చేయడం మొదలుపెట్టాయి. 2025 ఏప్రిల్ నాటికి పిస్తా పప్పు పౌను ధర ఏడాదిలో 7.65 డాలర్లనుంచి 10.30 డాలర్లకు ఎక్కింది. అమెరికాలో పంట తగ్గడం కూడా అందుకు ఒక కారణమే; అయినా ఆ వీడియో పాత్ర చిన్నది కాదు. ఆ దుబాయి మేడలు కట్టిన చేతుల్లో మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు జిల్లాల చేతులు ఉన్నాయి. లేబర్ క్యాంపులో ఆ చేతులు వండుకునే అన్నం, పప్పు ఏ తెరమీదా కోట్లమందిని ఆకర్షించలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. శ్రమజీవి బొమ్మలో లేదంటున్నారు, మరి మస్తానమ్మ లేదా, కుమారి ఆంటీ లేదా అని. ఉన్నారు. నూరేళ్ళు దాటాయని చెప్పుకున్న మస్తానమ్మ పొలంలో రాళ్ళ పొయ్యి పెట్టి, కత్తిపీట ముందేసుకుని వండుతుంటే ప్రపంచం యూట్యూబులో చూసింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆ వీడియోల్లో పనిచేసే చెయ్యి కనబడుతుంది. అందువల్లనే అవి మిగతా బొమ్మలకన్న మనసుకు దగ్గరగా ఉంటాయని నా అభిప్రాయం. కాని ఆ చేతి వెనక ఉన్న జీవితం మాత్రం వంటకానికి మసాలాగానే మిగిలింది. పొలం ఎవరిదో, ఆ వయసులో ఆమె బతుకుదెరువు ఏమిటో చూసేవాడికి అక్కర లేకపోయింది.

కుమారి ఆంటీ సంగతి మరింత బోధకరమైనది. హైదరాబాదు మాదాపూర్ ప్రాంతంలో రోడ్డుపక్క అన్నం, కూరలు అమ్మే ఆమె వీడియోలు 2024 జనవరిలో ఇంటింటా మోగిపోయాయి. జనం విరగబడ్డారు. వాహనాలు నిలిచిపోయాయి. నెలాఖరున ట్రాఫిక్ పోలీసులు బండి ఎత్తెయ్యమన్నారు. మళ్ళీ జనం గోల పెట్టారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కలగజేసుకుంటే బండి అక్కడే ఉండిపోయింది. ఒక కష్టజీవికి న్యాయం జరిగినందుకు మనం సంతోషించవలసిందే. అయితే ఆ నగరంలో బండ్లమీద బతికేవారు వేలమంది ఉన్నారు. ఫోనుకెక్కని బండిని పోలీసులు ఎత్తేస్తే ముఖ్యమంత్రి దాకా పోయేది ఎవరు? వీధి వ్యాపారుల హక్కులకోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం ఒకటి ఉన్నది. ఆ చట్టం చేయవలసిన పని బొమ్మ చేసిందంటే బొమ్మ గొప్పదని కాదు, చట్టం నిద్రపోతున్నదని అర్థం. హక్కు అదృష్టంగా మారిపోయింది.

బొమ్మ కాలేని తిండి కూడా ఒకటి ఉన్నది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, వామపక్ష విద్యార్థులు బీఫ్ పండగ జరిపారు. మా ఇంటి తిండి మెస్సులో ఎందుకు ఉండకూడదన్నది వారి ప్రశ్న. గొడవలు జరిగాయి, పోలీసులు దిగారు. అందరికీ నోరూరించడమే బొమ్మ పని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒకరి పళ్ళెం అలంకారమై వెలుగుతుంది. మరొకరి పళ్ళెం నేరమై దాక్కుంటుంది. ఈ రెంటి మధ్య ఎండుచేపల పులుసు, తలకాయ కూర, జొన్న సంకటి, పులిసిన గంజి లాంటివి ఎన్నో ఉన్నాయి. వాటిని ఎవరూ నిషేధించలేదు. వాటిని తినే పిల్లవాడే తరగతిలో డబ్బా మూత సగం తీసి, చేయి అడ్డం పెట్టుకుని తింటాడు. ఆ అడ్డం పెట్టిన చేతిని నేను ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాను. అంటే కులం పెట్టిన సిగ్గు ఫోనుకన్న పాతది. ఫోను దానికి కొత్త కొలబద్ద ఇచ్చింది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి చెబుతాను. రెండేళ్ళనాడు తరగతిలో వినియోగ సంస్కృతిని గురించి పాఠం చెబుతూ, తిండి ఫొటోలు తీసేవారిని ఎగతాళి చేశాను. నలుగురు కలిసి ఒక్క బర్గరు కొని, నలుగురూ విడివిడిగా ఫొటోలు పెట్టుకునే మధ్యతరగతి డాంబికాన్ని వర్ణించాను. పిల్లలు నవ్వారు. పాఠం బాగా పోయిందనుకున్నాను. గంట కొట్టాక వెనక బల్ల విద్యార్థిని ఒకతె వచ్చి, "సార్, మా హాస్టల్ సాంబారు ఫొటో పెట్టినందుకే కదా వార్డెన్ గారు వంటగదిలోకి వచ్చిందీ? అప్పటిదాకా అర్జీలు రాస్తే ఎవరు చదివారు?" అన్నది. ఆ ఫొటో కూడా చూపించింది. స్టీలు పళ్ళెం, నీళ్ళలాంటి సాంబారు, అందులో తేలుతున్న పురుగు. కింద ఎవరో తేదీ, పూట, హాస్టల్ గది నంబరుతో సహా రాశారు.

నాకు నిజంగా సిగ్గువేసింది. నేను బొమ్మలో ఒక వర్గం చేతిని మాత్రమే చూశాను. బర్గరు ఫొటో పెట్టిన పిల్లలూ, సాంబారు ఫొటో పెట్టిన పిల్లలూ వేరువేరు మనుషులు కారు. మెస్సులో పురుగు సాంబారు పోసేవాడిమీద కోపమే, బయటి పళ్ళెంమీద ఆశగా మారుతున్నది. ఆ కోపాన్ని చూడకుండా ఆశను ఎగతాళి చేయడం ఉపాధ్యాయుడికి తగినది కాదు, వామపక్షవాదికి అసలే తగదు.

తరవాత ఆలోచిస్తే మిర్జాపూరు ఉదంతం గుర్తుకు వచ్చింది. 2019 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ఆ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో మధ్యాహ్న భోజనంగా పిల్లలకు రొట్టె, ఉప్పు పెడుతుండగా పవన్ జైస్వాల్ అనే విలేఖరి వీడియో తీశాడు. ప్రభుత్వం అతనిమీద కుట్ర కేసు పెట్టింది. దేశమంతా నిరసన వచ్చాక, ఆ డిసెంబరులో పోలీసులు అతని పేరు తొలగించారు. రోజూ లక్షల తిండి బొమ్మలు తెరకెక్కుతున్నాయి, ఏ ప్రభుత్వమూ ఉలిక్కిపడలేదు. ఉప్పూ రొట్టె బొమ్మకు ఉలిక్కిపడింది. ఎందుకంటే దానిలో మిగతా బొమ్మల్లో లేనివన్నీ ఉన్నాయి. తిన్నది ఎవరో ఉన్నది, పెట్టవలసింది ఎవరో ఉన్నది, పెట్టనిది ఏమిటో కూడా ఉన్నది.

ఇటువంటి చూపు మన ప్రాంతంలోనూ లేకపోలేదు. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడికి పోనివారు, ఇరవయ్యేళ్ళకు పైబడి కెమెరా పట్టి తమ పంటలను గురించి, విత్తనాలను గురించి చిత్రాలు తీశారు. 2008లో మాచ్‌నూరులో తమ రేడియో కూడా పెట్టుకున్నారు. వారి చిత్రాల్లో కొర్ర అలంకారం కాదు. దానికి చేను ఉన్నది, వాన ఉన్నది, విత్తనం దాచిన ఆడమనిషి ఉన్నది. నగరపు పింగాణీ గిన్నెలో ఉన్న కొర్రనూ, వారి చేతిలోని కొర్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వస్తువు ఒకటే అయినా దృక్పథం ఎంత తేడా తెస్తుందో సాహిత్య విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి ఫోనులు లాక్కోవాలనీ, బొమ్మలు మానాలనీ నేను అనను. కంపెనీల లెక్కలమీద, పిల్లలకు చూపించే ప్రకటనలమీద చట్టం అదుపు ఉండాలి. అందుకు సంఘాలు పోరాడాలి. మెస్సు బడ్జెటూ, మధ్యాహ్న భోజనం వండే ఆయాల జీతమూ పెరగాలి, అందుకూ పోరాడాలి. వీటితోపాటు విమర్శకులుగా మనం చేయవలసిన పని ఒకటి ఉన్నది. కథ చదవడం నేర్పినట్టే బొమ్మ చదవడం నేర్పాలి. ఎవరు వండారు, ఎంత కూలి ఇచ్చారు, ఎవరు కొనగలరు, ఎవరికి చూపిస్తున్నారు, ఎందుకు చూపిస్తున్నారు అనే ప్రశ్నలు విద్యార్థికి అలవాటు కావాలి. ఈ ప్రశ్నలు అలవాటైనవాడు బిర్యానీ బొమ్మ చూసి నోరూరినా మోసపోడు. డబ్బా మూత తీసేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవలసిన అవసరం అతనికి క్రమంగా తగ్గుతుంది.

ఆ విద్యార్థిని చూపించిన ఫొటోను ఈ ఏడు నా పాఠంలో చేర్చుకున్నాను. బర్గరు ఎగతాళి తీసేశాను. హాస్టల్ సాంబారు కొంత చిక్కబడిందని పిల్లలు చెబుతున్నారు. పూర్తిగా బాగుపడలేదట, ఇంకా ఫొటోలు తీస్తూనే ఉన్నారు.